అతికింది ఎముకే, కీలు కాదు

ఇంట్లో ఎవరికైనా ప్రమాదం జరిగి, ఆపరేషన్ అయి, క్షేమంగా తిరిగి వస్తే మన కుటుంబాల్లో అదొక చిన్న పండుగ. సద్ఖా ఇస్తారు. చుట్టాలకు కబురు పెడతారు. "అల్‌హమ్దులిల్లాహ్, ఆపరేషన్ బాగా అయింది, ఇక భయం లేదు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. దైవానికి కృతజ్ఞత చెప్పుకోవలసిందే, సందేహం లేదు. కాని తుంటి గిన్నె విరిగి ఆపరేషన్ చేయించుకున్నవారి విషయంలో "ఇక భయం లేదు" అనే మాట తొందరపాటు. ఆ రోజుతో వైద్యంలో సగమే పూర్తవుతుంది. మిగతా సగం ఇంట్లో, మసీదులో, పనిచేసే చోట, కొన్నిసార్లు కోర్టులో కూడా జరగాలి. ఆ రెండో సగాన్ని మనం పట్టించుకోవడం లేదు. దాని ఫలితం ముప్పయ్యేళ్ల మనిషి నలభైకల్లా కుంటుతూ, పని పోగొట్టుకుని, ఇంటికి భారమయ్యానని కుమిలిపోవడం.

విరిగేది ఏమిటి?

తొడ ఎముక పైభాగం గుండ్రని బంతిలా ఉంటుంది. ఆ బంతి కటి ఎముకలోని ఒక గిన్నెలో అమరి తిరుగుతుంది. ఆ గిన్నెనే డాక్టర్లు అసిటాబులం అంటారు. పూర్వం రోమన్లు భోజనాల బల్ల మీద వెనిగర్ పోసి పెట్టుకునే చిన్న గిన్నె పేరది. మూడు ఎముకలు కలిసిన చోట ఏర్పడిన ఈ గిన్నెకు లోపల నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. మనం నిలబడినా, నడిచినా, రుకూ చేసినా, సజ్దా నుంచి లేచినా ఒంటి బరువంతా ఆ నున్నని పూత మీదుగానే కాళ్లకు దిగుతుంది.

ఈ గిన్నె తేలికగా విరగదు. వేగంగా పోతున్న మోటారు సైకిల్ లారీని ఢీకొన్నప్పుడు, కారు ముందు సీట్లో కూర్చున్నవారి మోకాలు డ్యాష్‌బోర్డుకు బలంగా తగిలినప్పుడు, కట్టడం పనిలో సారువా మీద నుంచి పడినప్పుడు తొడ ఎముక బంతి సుత్తిలా వెళ్లి గిన్నెను పగలగొడుతుంది. కొన్నిసార్లు బంతి గిన్నెలోంచి బయటికే వచ్చేస్తుంది. బాధితుల్లో ఎక్కువమంది సంపాదించే వయసులో ఉన్న మగవాళ్లు. ముసలితనంలో ఎముకలు గుల్లబారినవారికి ఇంట్లో జారిపడినా ఇది విరగవచ్చు.

ఒకప్పుడు ఇలాంటి రోగిని నెలల తరబడి మంచాన పడుకోబెట్టి కాలికి బరువులు వేలాడదీసేవారు. ఫ్రాన్స్‌లో జూడే సోదరులు, ఎమిల్ లెతూర్నెల్ ఈ విరుగుళ్లను పది రకాలుగా విభజించి, ఏ రకానికి ఏ వైపు నుంచి కోసి సరిచేయాలో 1964లో ప్రకటించారు. నేటికీ ప్రపంచమంతటా ఎముకల డాక్టర్లు ఆ విభజననే పాటిస్తున్నారు. మనకిది పరాయి విద్యేమీ కాదు. వెయ్యేళ్ల క్రితం కొర్డోబాకు చెందిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన ముప్పయి భాగాల వైద్యగ్రంథంలో ఎముకలు విరగడం, కీళ్లు తప్పడం గురించి ప్రత్యేకంగా రాశాడు.

ఆపరేషన్ చేయగలిగింది, చేయలేనిది

పగిలిన ముక్కలను చేర్చి, ప్లేట్లు, స్క్రూలతో బిగించడమే ఈ ఆపరేషన్. ఇక్కడ లెక్క మిల్లీమీటర్లలో ఉంటుంది. ముక్కల మధ్య తేడా ఒక మిల్లీమీటరులోపు ఉంటే సరిగ్గా కుదిరినట్టు. మూడు దాటితే సరిగ్గా కుదరనట్టే. నేలలో పాతుకున్న తిరగలి రాయికి చిన్న మెట్టు ఉంటే పైరాయి ఎలా అరిగిపోతుందో, గిన్నెలో మెట్టు మిగిలితే బంతి అలాగే అరిగిపోతుంది. ఆలస్యమైనా కష్టమే. మూడు వారాలు దాటితే ముక్కలు తప్పు స్థానంలోనే అతుక్కోవడం మొదలవుతుంది. కీలు అంత లోతున ఉంటుంది కాబట్టి పై నుంచి ఎంత గట్టిగా నాటు కట్టు కట్టినా ఆ ముక్కలు కదలవు. ఎదురు చూసిన రోజులు మాత్రం వృథా అవుతాయి.

ఎంత నేర్పుగల డాక్టరయినా ఎముకను అతికించగలడు గాని, దెబ్బ తగిలిన క్షణంలోనే నలిగిపోయిన మృదులాస్థిని మళ్లీ మొలిపించలేడు. తెగిన రక్తనాళాన్ని తిరిగి బతికించలేడు. అందుకే ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికినా కీలు చెడిపోవచ్చు. చాలామంది గ్రహించని సంగతి ఇదే.

అయితే ఎవరూ బెంబేలు పడనక్కర్లేదు. ఇలాంటి 3,670 విరుగుళ్ల వివరాలను క్రోడీకరించిన ఒక పరిశీలన 2005లో వెలువడింది. అయిదేళ్ల సగటు కాలానికి నూటికి 75 నుంచి 80 మంది మంచి స్థితిలో ఉన్నారు. సుమారు 20 శాతం మందికి తుంటి అరుగుదల వచ్చింది. 8 శాతం మందికి మరో ఆపరేషన్ అవసరమైంది. అది ఎక్కువగా తుంటి మార్పిడే. 2012లో వచ్చిన మరో పరిశీలనలో, చేయి తిరిగిన సర్జన్ సరిచేసిన తుంటి కీళ్లలో నూటికి 79 దాకా ఇరవై ఏళ్ల వరకు మార్పిడి అవసరం లేకుండా నిలిచాయి. కాబట్టి ఆపరేషన్ వద్దనుకోవడం తెలివి కాదు. ఆ ఇరవై మందిలో మనమున్నామా లేదా అని కనిపెట్టుకుని ఉండకపోవడం కూడా తెలివి కాదు.

వచ్చే చిక్కులు

మొదటి వారాల్లో మూడింటిని కనిపెట్టాలి. గాయం నుంచి రసి కారడం, జ్వరం రావడం చీము పట్టిందనడానికి సూచన. పిక్క వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి రావడం రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరిందనడానికి గుర్తు కావచ్చు. ఇది ప్రాణాపాయం. అప్పుడు తెల్లవారేదాకా ఆగకూడదు. మూడోది నరం. తుంటి వెనకగా పోయే సయాటిక్ నరం దెబ్బ తింటే పాదం పైకి లేవదు, వేలాడుతుంది. ఆ నరానికి చాలాసార్లు ప్రమాదంలోనే దెబ్బ తగులుతుంది.

నెలల తర్వాత వచ్చేవి వేరు. బంతి జారిపోయినవారికి దాని రక్త సరఫరా తెగవచ్చు. జారిన బంతిని గంటల్లోనే తిరిగి గిన్నెలోకి చేర్చాలని డాక్టర్లు తొందరపడేది అందుకే. రక్తం అందని బంతి లోలోపల చచ్చి కుంగిపోతుంది. దీన్నే ఏవీఎన్ అంటారు. ఇది సాధారణంగా మొదటి రెండేళ్లలో బయటపడుతుంది. కొందరిలో తుంటి చుట్టూ కండలో ఎముక మొలిచి కీలు బిగుసుకుపోతుంది. ఎప్పుడైనా ఒక స్క్రూ కొస కీలులోకి పొడుచుకురావచ్చు. ఇక అరుగుదల, అంటే ఆర్థరైటిస్, ఏడాదికి రావచ్చు, పదేళ్లకూ రావచ్చు.

ఇవి ఏ గుర్తులతో వస్తాయో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. తుంటి కీలు నొప్పి పిరుదులో కంటే గజ్జల్లో ఎక్కువగా తెలుస్తుంది. తొడ మీదుగా మోకాలికి దిగుతుంది. అందుకే కొందరు ఏళ్ల తరబడి మోకాలికి ఎక్స్‌రేలు తీయించుకుంటూ, తైలాలు రాసుకుంటూ ఉంటారు. మేజోడు తొడుక్కోవడం, కాలి గోళ్లు తీసుకోవడం కష్టమైతే, నిన్నటిదాకా చేసిన సజ్దా ఈ రోజు పట్టేసినట్టుంటే, కుంటు పెరుగుతుంటే అది చలికి వచ్చిన నొప్పి కాదు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మనం చేస్తున్న పొరపాట్లు

మొదటిది, తొందరగా బరువు మోపడం. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆ కాలి మీద బరువు వేయవద్దని డాక్టర్లు చెబుతారు. కాని ఆటో కిస్తీ ఆగదు, దుకాణం అద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. ఆరో వారానికే పనిలోకి దిగే మనిషిని తప్పుపట్టి లాభం లేదు. ఆ ఇంటికి ఆ మూడు నెలలు ఎలా గడుస్తాయని అడగని బంధువులది, బస్తీ పెద్దలది కూడా తప్పే.

రెండోది, తిరిగి చూపించుకోకపోవడం. "నడుస్తున్నాను కదా, ఇంకా ఎక్స్‌రే ఎందుకు?" అనేస్తారు. నొప్పి మొదలవకముందే ఎక్స్‌రేలో తేడా కనిపించవచ్చు. మొదటి ఏడాది డాక్టరు చెప్పిన ప్రతి తేదీకీ, ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఏడాదికొకసారి వెళ్లడం అవసరం.

మూడోది, ఇంజెక్షన్ల మోజు. నొప్పి అనగానే వీధి చివర వేసే ఇంజెక్షన్, పేరు తెలియని పొడి పొట్లాలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వారం రోజులు హాయిగా ఉంటుంది. అదే స్టెరాయిడ్ ఎక్కువకాలం ఒంట్లోకి వెళితే తుంటి బంతికి రక్తం తగ్గించి ఏవీఎన్ తెస్తుంది. ఏ రోగం వస్తుందేమోనని భయపడుతున్నామో దానికే డబ్బిచ్చి కొనుక్కుంటున్నామన్నమాట.

నాలుగోది, ఆడవాళ్ల మౌనం. గజ్జల్లో నొప్పి అని మగ డాక్టరుతో చెప్పలేక, అత్తగారితో అనలేక, నేల మీద కూర్చుని రొట్టెలు చేస్తూ, గుంత మరుగుదొడ్డి వాడుతూ ఏళ్లు నెట్టుకొస్తారు. కాపురంలోని కష్టం, గర్భం నాటి నొప్పి ఎవరికీ చెప్పుకోరు. వైద్యం కోసం డాక్టరుకు చెప్పడంలో సిగ్గుపడవలసింది లేదు. చెప్పే వీలు కల్పించడం భర్త బాధ్యత. పొయ్యిని ఎత్తు మీదికి మార్చడం, కమోడ్ పెట్టించడం లేదా కమోడ్ కుర్చీ కొనడం బంగారం కొన్నంత ఖర్చు కాదు.

చిన్న సంగతే గాని చేతికర్ర గురించి కూడా చెప్పాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. ఎడమ తుంటి నొప్పిగా ఉంటే కర్ర కుడి చేతిలో ఉండాలి. అప్పుడే కీలు మీద భారం తగ్గుతుంది. ఒంటి బరువు తగ్గించుకోవడం, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం మానకుండా చేయడం కూడా అలాంటివే. పైసా ఖర్చు లేని వైద్యాలివి.

మసీదులో ఒక కుర్చీ

మన జీవితమంతా నేలతో ముడిపడి ఉంది. దస్తర్‌ఖాన్ నేల మీద, నమాజు నేల మీద. రోజుకు అయిదు పూటలు తుంటిని పూర్తిగా మడిచే జమాఅత్ మనది. కాబట్టి తుంటి చెడినవాడి బాధ మన మసీదుల్లో మరింత బాగా అర్థం కావాలి. కాని జరుగుతున్నదేమిటి? పాతికేళ్ల కుర్రాడు సఫ్‌లో కుర్చీ వేసుకుంటే పక్కవారు వింతగా చూస్తారు. "ఏం బేటా, ఈ వయసుకే కుర్చీయా?" అని ఒకరు నవ్వుతారు. లోపల ప్లేటు, ఏడెనిమిది స్క్రూలు ఉన్న సంగతి పైకి కనిపించదు. ఆ ఒక్క మాటకు కొందరు పళ్లు బిగించి సజ్దా చేస్తారు. మరికొందరు మసీదుకే రావడం మానేస్తారు. రెండూ నష్టమే.

మహాప్రవక్త (స) ఒకసారి గుర్రం మీద నుంచి పడి, ఒంటి పక్క గీరుకుపోయినప్పుడు కూర్చునే నమాజు చేశారని బుఖారీ హదీసుల్లో ఉంది. తన జబ్బు సంగతి చెప్పుకున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నిలబడి చేయమని, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని చేయమని ఆయన దారి చూపారు. శక్తికి మించిన భారం ఎవరిపైనా మోపడం జరగదన్నది దివ్య ఖుర్ఆన్ బోధ. ఇంత స్పష్టంగా వెసులుబాటు ఇచ్చినచోట మనం మాటలతో దాన్ని మూసివేయడం ఏం న్యాయం?

కుర్చీలు అవసరం లేనివారు కూడా వాడుతున్నారని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. నిలబడగలిగినవాడు సుఖం కోసం కూర్చోవడం సరికాదు. ఎంతవరకు నిలబడాలి, సజ్దాకు బదులు ఎలా సైగ చేయాలి అన్నది ఇమాంగారిని అడిగి తెలుసుకోవాలి. ఎంతవరకు కీలు మడవవచ్చో డాక్టరును అడగాలి. ఈ ఇద్దరూ చెప్పాక మూడోవాడి ప్రశ్నకు చోటు లేదు. ఆకతాయి ఒకడు కుర్చీ వాడుకున్నాడని రోగి కుర్చీ లాగేయకూడదు. మసీదు కమిటీలు నాలుగు గట్టి కుర్చీలు, వుజూ దగ్గర ఒక ఎత్తు పీట, మరుగుదొడ్డిలో ఒక కమోడ్, మెట్లకు పట్టుకునే కమ్మీ ఏర్పాటు చేస్తే చాలు. పాలరాతి నగిషీకి ఖర్చు పెట్టే చేతులకు ఇది పెద్ద భారం కాదు.

డబ్బు, దావా

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో అమల్లోకి తెచ్చింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజులపాటు లక్షా యాభై వేల రూపాయల వరకు ఖర్చు భరించే పథకమిది. తెలుగు రాష్ట్రాల్లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదలను ఆదుకుంది. ఇవన్నీ మంచివే. కాని ఆ ఏడు రోజుల పథకం వంటివి ప్రమాదం నాటి ఖర్చు చూస్తాయి. తుంటి గిన్నె కథ ఏళ్లు నడుస్తుంది.

మోటారు ప్రమాద దావాల్లో మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఆస్పత్రి బిల్లులు, కొంత పైకం చేతికొస్తే చాలనుకుని రాజీ పడిపోతారు. లోక్ అదాలత్‌లో ఒకసారి రాజీ కుదిరితే దానిపై అప్పీలు ఉండదు. రెండేళ్ల తర్వాత తుంటి మార్చాలని డాక్టరు చెబితే ఆ లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? దరఖాస్తు వేయడంలో ఆలస్యం వద్దు. 2019 చట్ట సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. తొందరపడకూడనిది రాజీలో. ముందు ముందు కాబోయే వైద్య ఖర్చును వేరే పద్దు కింద అడగవచ్చునని, అంగవైకల్యం శాతాన్ని కాక ఆ మనిషి వృత్తికి కలిగిన నష్టాన్ని చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో తేల్చింది. కుర్చీలో కూర్చుని రాసుకునే గుమాస్తాకు, రోజంతా బరువులు మోసే హమాలీకి ఒకే తుంటి గాయం ఒకే నష్టం కాదు. ఈ సంగతి వకీలుకు గుర్తుచేయండి. ముందు ముందు రాగల చిక్కుల గురించి డాక్టరు చేత రాతపూర్వకంగా తీసుకోండి.

ఆపరేషన్ నోటు, ఎక్స్‌రే, సీటీ ఫిల్ములు, అమర్చిన ప్లేట్ల వివరాల కాగితం ఒక సంచిలో భద్రపరచండి. కోర్టుకే కాదు, రేపు రెండో ఆపరేషన్ చేసే డాక్టరుకు కూడా అవే ఆధారం. ఇక ఏ ఆదాయం లేని పేద రోగికి మందులు, దారిఖర్చు, మూడు నెలల రేషన్ జకాత్ నుంచి ఇవ్వవచ్చు. ప్రతి రంజాన్‌లో బైతుల్‌మాల్ లెక్కలు వేసుకునే పెద్దలు ఈ పద్దును కూడా ఒకటి రాసుకుంటే బాగుంటుంది.

రెండో ఆపరేషన్ ఓటమి కాదు

తుంటి బాగా అరిగిపోతే కృత్రిమ కీలు అమర్చడమే మార్గం. బ్రిటన్‌లో జాన్ చార్న్లీ 1962లో తీర్చిదిద్దిన ఈ ఆపరేషన్ లక్షలాది మందిని మళ్లీ నడిపించింది. విరిగి అతికిన గిన్నెలో, పాత ప్లేట్ల మధ్య ఇది మామూలు తుంటి మార్పిడి కంటే కష్టం. అనుభవం ఉన్నవారి చేతనే చేయించుకోవాలి. వయసు చిన్నదైతే కృత్రిమ కీలు కూడా కాలక్రమేణా అరుగుతుంది కనుక డాక్టరు కొంతకాలం ఆగమనవచ్చు. కాని గిన్నె ఎముక పూర్తిగా అరిగిపోయేదాకా ఇంట్లో కూర్చుంటే రేపు కొత్త కీలుకు ఆధారమే మిగలదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో తేల్చుకోవడానికే ఏటేటా చూపించుకోమనేది.

అమెరికా క్రీడాకారుడు బో జాక్సన్‌కు 1991 జనవరిలో ఆటలో తుంటికి దెబ్బ తగిలింది. బంతికి రక్తం అందక అది చెడిపోయింది. 1992లో కృత్రిమ కీలు పెట్టారు. 1993లో ఆయన మళ్లీ బేస్‌బాల్ మైదానంలో దిగాడు. అందరూ అలా ఆడలేకపోవచ్చు. దుకాణం తెరుచుకుని, బజారుకు నడిచి, పిల్లను బడికి దింపి రావడం ఎవరికైనా చాలినంత విజయమే.

ఒంట్లో లోహం పెట్టించుకోవచ్చా అని సందేహించే పెద్దలు ఇంకా ఉన్నారు. యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్‌ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన పట్టింది. బంగారు ముక్కు పెట్టించుకోమని మహాప్రవక్తే (స) చెప్పారని అబూ దావూద్, తిర్మిజీ హదీసుల్లో ఉంది. మగవాడికి బంగారం నిషిద్ధమైన చోట కూడా అవసరాన్ని అంతగా మన్నించారు. ఇక ఉక్కు, టైటానియం సంగతి వేరే చెప్పాలా?

వైద్యం చేయించుకోండని మన ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. వైద్యమంటే ఒక్క రోజు కత్తిగాటు కాదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉండవలసిన జాగ్రత్త కూడా. మీ వీధిలో, మీ సఫ్‌లో, మీ ఇంట్లో తుంటి ఆపరేషన్ అయినవారు ఎవరైనా ఉన్నారేమో ఈ జుమా నాడు కనుక్కోండి. "బాగున్నావా భాయ్?" అని అడిగి ఊరుకోకండి. "చివరిసారి డాక్టరుకు ఎప్పుడు చూపించుకున్నావు?" అని అడగండి. ఏడాది దాటిందంటే, వారిని వెంటబెట్టుకుని వెళ్లండి.